అందరును చేరు మజిలీ
(గ్రంథాలయ రజతోత్సవముల రెండవనాటి సభలో గావించిన ప్రసంగ పాఠము)

  

నిన్నటి సభలో వక్తలు గ్రంథాలయోద్యమ చరిత్రను మనోహరముగ వివరించిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి మన పెద్దలు పడిన పాట్లను మీరు వింటిరి. నాకు లభించిన విషయము అంత ఘనమైనది కాదు. అది తలకు గాక కాళ్లకు సంబంధించినది. రానున్న సంవత్సరమున నెలకొక పర్యాయము సభ్యులందరును కలిసి నడచిపోయి, చుట్టుపట్టుల కొండలను, అడవులను, ఏటిగట్లను చూచి రావలెనని కార్యవర్గము తీర్మానించినది. ఏ నెలలో ఎక్కడికి, ఎంత దూరము, ఎవరెవరు, ఎట్లు పోవలెనో వివరముగ వ్రాసి వినిపింపుమని నాకు పని యొప్పగించిరి. జీవితమంతయు లెక్కలు వ్రాసినవాడను గావున ఈ లెక్కయు నాకే దక్కినది. మా తాతగారు ఈ యూరి పట్వారీ. ఆ యుద్యోగము పోయినను ఆయన అంకెల పొందిక మా యింట మిగిలినది. నేను గ్రామపు లెక్కలును, సహకార సంఘపు ఖాతాలును వ్రాసికొనుచు, తీరిక వేళల ఈ గ్రంథాలయపు బీరువాలనుండియే భారత భాగవతములు చదువుకొంటిని. గురుముఖమున నేర్చిన చదువు కాదు గావున నా అన్వయములు కొంత పల్లెటూరి వాసన కొట్టును.

పుస్తకములకును నడకకును సంబంధమేమని యడుగువారు కలరు. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవలో గ్రంథాలయము నడపిన మహనీయులు గలరు. ఆనాడు పుస్తకము పాఠకుని వెదకికొని పోయినది. నేడు పాఠకుడు పుస్తకములోని స్థలమును వెదకికొని పోవుట యందులో రెండవ సగము. మన బీరువాలో సాతవాహనుల చరిత్ర యున్నది. ఆ సాతవాహనుల మట్టికోట బస్సుదిగి నడచునంత దూరములో నున్నది. చరిత్ర పుస్తకము నాలుగుమారులు తీసికొనిపోయిన చందాదారుడు ఆ కోటను ఒక్కమారైనను చూడలేదనిన, ఖాతాలో జమ వ్రాసి రొక్కము పెట్టెలో వేయనట్లే.

అయితే నేను ముఖ్యముగ చెప్పదలచినది ఇది కాదు. నడవగలవారి విషయమున ఎవరికిని ప్రణాళిక యక్కరలేదు. వారు చెప్పకయే పోదురు. నడువలేనివారును, కొంతమాత్రమే నడువగలవారును మన సభ్యులలో ఎందరో యున్నారు. వారిని లెక్కలోనికి తీసికొనని పాదయాత్ర గ్రంథాలయ యాత్ర కాజాలదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సంఘమువారు రామగిరి ఖిల్లాకు యాత్ర యేర్పాటు చేసిరి. నేనును పోయితిని. మన చందాదారులలో ఒకరు, బొగ్గుబాయిలో ముప్పది యేండ్లకు పైగా తట్ట మోసి దిగిపోయినవారు, మాతో వచ్చిరి. సగము మెట్లయినను ఎక్కకముందే వారి ఊపిరి చాలలేదు. యాత్ర నడపువారు చేతి గడియారము చూచుకొని, శిఖరము చేరి మధ్యాహ్నము భోజనము చేయవలెనని ముందునకు సాగిరి. అన్నపు గిన్నెలు సైతము ముందే పైకి పోయినవి. నేను వారి ప్రక్కన కూర్చుండబోగా ఆయన, "మీరు పోండ్రి పంతులూ. నా దమ్ము గింతే. భూమిల నూర్ల ఫీట్లు దిగిన గాని, గిన్ని మెట్లు ఎక్కుడు రాకపాయె" అని నవ్విరి. సాయంకాలము వరకు ఆయన ఆ రాతిమీదనే యుండిరి. ఎవరో దయతలచి పైనుండి తెచ్చిన పులిహోర చల్లారిపోయి యుండెను. ఆ పిమ్మట ఏ యాత్రకును ఆయన పేరు వ్రాయించుకొనలేదు. మరుసటి సంవత్సరము కాలము చేసిరి. వారి యింటి అరుగుమీదినుండి రామగిరి కొండ నీలముగ కనుపించుచుండెడిది. నాకు తెలిసినంతవరకు మొదటి దర్వాజ వరకు పోవుట ఆయనకు సాధ్యమే. మధ్యమధ్య కూర్చుండనిచ్చి, రెండు గంటలు వ్యవధి యిచ్చి, అన్నము అక్కడనే వడ్డించి యుండవలసినది.

ఈ చిక్కు క్రొత్తది కాదు. అరణ్యపర్వమున పాండవుల తీర్థయాత్ర చదివినవారికి తెలియును. అర్జునుడు దివ్యాస్త్రములకై పోయిన పిమ్మట, లోమశ మహర్షి దారిచూపగా ధర్మరాజు తీర్థములకు బయలుదేరును. మహర్షి మొట్టమొదట చెప్పిన మాట, పరివారమును తగ్గించుకొని తేలికగ బయలుదేరుమని. ధర్మరాజు ఆకలిదప్పులకు, చలికి, దారి బడలికకు ఓర్వలేనివారిని మరలి పొమ్మనును. మరలినవారికి భోజన భాజనములు ఎక్కడ దొరకునో కూడ చెప్పి పంపును. ఇది యొక పద్ధతి. మర్యాద గల పద్ధతియే. కాని గంధమాదనము దగ్గరపడునప్పటికి లెక్క మరల అడ్డము తిరుగును. కొండదారి దుర్గమమని తలచి ధర్మరాజు, తానును నకులుడును లోమశునితో ముందు పోవుదుమనియు, భీముడు ద్రౌపదిని, సహదేవుని కనిపెట్టుకొని గంగాద్వారమున నిలువవలెననియు చెప్పును. భీముడు ఒప్పుకొనడు. నడువలేని చోటుల ద్రౌపదిని తాను మోసికొని వత్తుననును. ద్రౌపదియు తాను రాగలననును. అందరును కలిసియే బయలుదేరుదురు. దారిలో గాలివాన వచ్చును. వాన వెలిసిన పిమ్మట ద్రౌపది నడువలేక సొమ్మసిల్లి పడును. కవలలు ఆమె పాదములొత్తుదురు. అప్పుడు భీముడు తలచినంత ఘటోత్కచుడు వచ్చి ఆమెను మోసికొని పోవును. అతని వెంటవచ్చిన రాక్షసులు తక్కినవారిని మోయుదురు.

మనకు ఘటోత్కచులు లేరు. గోదావరిఖనిలో ఆటోలు మాత్రము కలవు. అవి కొండ యెక్కవు. కావున భీముని పట్టుదలను తీసికొని, ఘటోత్కచుని పని మన ప్రణాళికచేత చేయించుకొనవలెను. మహాప్రస్థానమున ధర్మరాజు నడచిన తీరు మనకు పనికిరాదు. అక్కడ ఒక్కొక్కరు పడిపోవుచుండగా ఆయన వెనుకకు తిరిగి చూడడు. అది ముక్తికి పోవు దారి. మనము సాయంకాలము ఇంటికి తిరిగి రావలసినవారము.

నా ప్రణాళికలోని మూలసూత్ర మొక్కటే: అన్నము మొదటి మజిలీలో పెట్టవలెను. ప్రతి యాత్రకును మూడు మజిలీలు నిర్ణయింతుము. మొదటిది చేతికర్ర పట్టుకొన్న ముసలమ్మయు చేరగలిగినట్టిది. రెండవది సామాన్యముగ నడచువారికి. మూడవది పడుచువారికి. భోజనము, నీరు, చాప, చదువు, పాట, మాట అన్నియు మొదటి మజిలీలోనే. శిఖరమునకు పోయినవారు దిగివచ్చి అక్కడ తినవలెను. పైవారు క్రిందివారికి తెచ్చి పెట్టుట యుండదు; క్రిందివారు వండి సిద్ధము చేసిన పంక్తికి పైవారు వచ్చి కూర్చుందురు. ఈ ఒక్క మార్పుతో ఎవరు మిగిలినవారు, ఎవరు ముందున్నవారు అను మాటయే పోవును.

దీనికి తోడు మరియొకటి. మజిలీలకు ఒకటవ తరగతి, రెండవ తరగతి అని పేర్లు పెట్టరాదు. రైలుబండి తరగతులవలె మనుష్యులను విభజింపరాదు. "మర్రి వరకు వత్తును", "దర్వాజ వరకు వత్తును", "కొలను వరకు పోవుదును" అని ఎవరికి వారే చెప్పుకొనవలెను. మనిషి తన బలహీనతను ఎంచుకొనడు; చెట్టునో రాతినో ఎంచుకొనుట సులభము. అయితే ఆ మర్రి క్రింద చూడదగినదేదైన నుండవలెను సుమా. ఉత్త నీడ చూపించి కూర్చుండబెట్టిన అది మజిలీ కాదు, బస్సుస్టాండు.

ఇక కాలపు లెక్క. 1892లో నైస్మిత్ అను స్కాట్లండు దేశపు కొండనడకరి యొక సూత్రము చెప్పెను. గంటకు 3 మైళ్లు, ఎత్తు 2000 అడుగులు ఎక్కినచో మరియొక గంట. అది చలిదేశపు ఆరోగ్యవంతుని లెక్క. మన మొదటి మజిలీకి గంటకు ఒక మైలు చాలును. పది నిమిషములు నడచి ఐదు నిమిషములు కూర్చుండుట యని ముందే వ్రాసికొందము. కోసులతో దూరము చెప్పుట మన వాడుక. కాని ఊపిరి కోసులను ఎరుగదు, గడియారమునే ఎరుగును. కావున ప్రకటనలో దూరముతోపాటు "కూర్చుండు సమయముతో కలిపి ఇన్ని గంటలు" అని తప్పక వ్రాయవలెను.

ఎవరెవరు వత్తురో ఇంటింటికి పోయి అడిగి ఒక పట్టీ వ్రాసితిని. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులలో నింపుకొన్న విశ్రాంత కార్మికులు, మోకాళ్లు అరిగిన తల్లులు, చంటిబిడ్డలతో వచ్చు కోడండ్లు, చూపు మందగించినవారు, గనిలో కాలు పోగొట్టుకొని కట్టెకాలితో నడచు సోదరుడు, పదవ తరగతి పిల్లలు. వీరిలో ఒకరికి పనికివచ్చినది మరియొకరికి పనికిరాదు. కట్టెకాలివారికి ఎత్తు ఎక్కుట కంటె ఇసుకలో నడచుట కష్టము. ఊపిరి తక్కువవారికి ఇసుక ఫరవాలేదు, మెట్లు పనికిరావు. చూపు లేనివారికి సరియైన భుజము దొరకిన మెట్లే నయము; ఎగుడుదిగుడు గుండ్లు కష్టము. చంటిబిడ్డ తల్లికి కావలసినది మరుగు. దీని నంతటిని "వృద్ధులు" అను ఒక్క మాటలో కట్టివేయుట లెక్క తెలియనివాని పని.

మనుష్యులను లెక్కించు పద్ధతి మాత్రము గని కార్మికులే నేర్పిరి. బాయిలోనికి దిగువారు దీపపు గదిలో నెంబరు బిళ్లకు లెక్క పెట్టి దీపము తీసికొందురు. షిఫ్టు ముగిసిన పిమ్మట లెక్క సరిపోవని పక్షమున ఎవరో ఇంకను లోపలనే యున్నారని యర్థము. మనమును ఒక పలకకు మేకులు కొట్టి, నెంబరు బిళ్లలు వ్రేలాడదీయుదము. బయలుదేరునప్పుడు ఎవరి బిళ్ల వారు తీసికొందురు; భోజనమునకు ముందు మరల తగిలింతురు. ఒక మేకు ఖాళీగ నున్నంతవరకు విస్తరిలో చేయి పెట్టరాదు. అందరికంటె వెనుక నడచువాడొకడు ప్రతి యాత్రకును ఉండును. అతనికంటె వెనుక ఎవరును ఉండరాదు. ఆ పదవికి పడుచువారిలో బాగుగ నడువగలవానిని ఎన్నుకొందము. ముందు నడచుటకు ఎవరైనను చాలుదురు.

ఇక సంవత్సర క్రమము. వర్షములు వెనుకబట్టిన ఆశ్వయుజముతో ఆరంభము. ఆ నెల చెరువుకట్ట చాలును. తంగేడు, గునుగు విరియబూచి యుండును. బతుకమ్మకు పూలు కోయు ఆడబిడ్డలే దారి చూపుదురు.

కార్తీకమున రామగుండములోని రాముని గుండాలు. రామగుండమునకు ఆ పేరు వచ్చిన చోటిదియే. కొండరాతిలో నీటి గుండములు. నూట యెనిమిదియని జనవాక్యము. శ్రీరాముడు వనవాసమున విడిసెనని నమ్మిక. లోకమునకు రామగుండమనిన పొగగొట్టములు గుర్తుకు వచ్చును. ఆ పొగగొట్టములకు పేరిచ్చిన నీటిగుంటలను మన పిల్లలలో సగముమంది చూడలేదు. వనభోజనముల నెల గావున ఉసిరిచెట్టు క్రింద వంట. మొదటి మజిలీ కొండ పాదము, అక్కడ స్థలపురాణము చదువుదురు. రెండవది మొదటి గుండములు. మూడవది పైభాగము. నీరున్న గుండముల అంచులు నాచుపట్టి జారును. పిల్లలను చేయి విడువరాదు.

మార్గశిరమున రామగిరి. దీనికి రెండు ఆదివారములు కేటాయించితిని. ఒక నాటితో తీరునది కాదు. కాకతీయుల కాలమునుండి పేరుగల దుర్గమది. దర్వాజలు, బురుజులు, పైన నీటి కొలనులు గలవు. ఓషధులకు ప్రసిద్ధి. వైద్య విద్యార్థులు మూలికలు చూచి పోవుటకు వత్తురు. శ్రావణములో జనము మిక్కిలిగ ఎక్కుదురుగాని తడిసిన మెట్లు మనవారికి కావు. మొదటి ఆదివారము దర్వాజ వరకే, అందరును. రెండవ ఆదివారము పైవరకు పోవువారు. కొండకోటలలో పెద్ద తేనెపట్లుండును. పొగ, చుట్ట, అత్తరు పనికిరావు. చుట్ట త్రాగు పెద్దలకు ఇది కష్టముగ దోచును. వారు మొదటి మజిలీలో వంటపొయ్యికి కాపలా యుందురు గాక.

ఈ సందర్భమున ఒక మాట. మేఘసందేశములో యక్షుడు నివసించిన రామగిరి మన రామగిరియేనని వాదించు మిత్రులున్నారు. ఆ యుత్సాహము నాకును ముచ్చటయే. కాని పండితులలో పలువురు నాగపూరు చేరువనున్న రామ్‌టెక్ అందురు. మెదకు సీమలోని కొలిచెలమవాడైన మల్లినాథసూరి తన వ్యాఖ్యలో అది చిత్రకూటమనెను. తెలుగుగడ్డపై పుట్టిన వ్యాఖ్యాతయే మనకు ఇయ్యని దానిని మనము పట్టుబట్టి తీసికొననక్కరలేదు. కొండ యెక్కుటకు కాళిదాసు చీటీ యెందుకు?

పుష్యమున ధూళికట్ట. ఎలిగేడు మండలమున నున్నది. సాతవాహనుల నాటి మట్టికోట, సున్నపురాతి ఫలకములు గల బౌద్ధస్తూపము అక్కడ 1970ల దశకపు త్రవ్వకములలో బయల్పడినవి. చదును నేల, చలికాలపు ఎండ, మూడు మజిలీలును దగ్గర దగ్గరగనే యుండును. కట్టెకాలి సోదరుడు ఆ దినమున మూడవ మజిలీకి పోయెదనని ఇప్పుడే చెప్పి యున్నాడు. సాతవాహన నాణెములు విశేషముగ దొరకిన పెద్దబొంకూరును అదే దినమున బండిమీద చూచి రావచ్చును.

మాఘమున మన జిల్లా దాటి కరీంనగరు జిల్లా గంగాధర మండలములోని కురిక్యాల బొమ్మలగుట్ట. ఇది గ్రంథాలయమువారికి తీర్థము. కన్నడ ఆదికవి పంపని తమ్ముడైన జినవల్లభుడు పదవ శతాబ్దిలో అక్కడి బండపై చెక్కించిన శాసనములో సంస్కృతము, కన్నడముతో పాటు తెలుగు కందపద్యములు కలవు. నన్నయభట్టారకుని కంటె శతాబ్దము ముందటివి. రాతి దగ్గరకు పోలేనివారు ఎట్లు? పద్యముల ప్రతిని గుట్ట పాదమున అందరికిని పంచి, అక్కడనే చదివి యర్థము చెప్పుకొందము. పిమ్మట పైకి పోయినవారు రాతిమీది అక్షరములను చూచుచు అదే పద్యమును గట్టిగ చదువుదురు. గాలి యనుకూలించిన క్రిందివారికి వినబడును.

ఫాల్గుణమున మోదుగలు పూచును. మంథని వైపు అడవిదారి, చదునైన బండ్లబాట. చైత్రమున మంథని గౌతమేశ్వరాలయము, గోదావరి గట్టు. తెల్లవారకముందే బయలుదేరి ఎనిమిది గంటలకెల్ల ముగింపవలెను. ఇప్పపూవు రాలు దినములవి. చీకటితో ఇప్పచెట్ల క్రిందికి ఎలుగులు వచ్చును గావున అడవిలోపలి దారి ఆ నెల వద్దు. ఎగువదిగువల శివ్వారము అభయారణ్యపు మడుగులలో మొసళ్లు గలవు. స్నానములు గుడి రేవుననే.

వైశాఖమున పగటి నడక లేదు. రామగుండము ఎండకు దేశమంతటను పేరుమోసినది. పున్నమినాటి సాయంకాలము కమానుపూరు ఆదివరాహస్వామి సన్నిధికి వెన్నెల నడక. చదును దారి. ప్రతి ఐదుగురికి ఒక టార్చిలైటు, కాళ్లకు బూట్లు. జ్యేష్ఠమున రోళ్లు పగులు రోహిణీ కార్తె గడచువరకు ఎవరును కదలరాదు. ఆ నెల గ్రంథాలయములో పంకా క్రింద కూర్చుండి పటములు చూచుకొందము. నడువని నెల ప్రణాళికలో నుండుటయు అవసరమే. అధికమాసము వచ్చిన యేట పదుమూడవ నడక ఎవరు పెట్టుదురో వారే వంటఖర్చు భరింతురు గాక.

ఆషాఢమున మొక్కలు నాటుట. శ్రావణమున సబితము గౌరీగుండాల జలపాతము, దూరమునుండి చూచుట మాత్రమే. నీటిలోనికి ఎవరును దిగరాదు. రాయి జారును; ఎగువ కురిసిన వాన మనకు చెప్పి రాదు. ఈ విషయమున నేను కఠినుడను. భాద్రపదమున శ్రీపాద ఎల్లంపల్లి కట్ట వద్ద గోదావరి దర్శనము. 62 గేట్లు, 20 టి.ఎం.సి.ల నీరు. చక్రముల కుర్చీ యైనను పోగల చదునైన తావు చూచి, అధికారుల అనుమతి ముందే తీసికొనవలెను. 2022 జులైలో గంగ పొంగి మంథనిలో ఇండ్లు మునిగిన సంగతి మనమెవరమును మరువలేదు. గేట్లు ఎత్తిన దినమున యాత్ర వాయిదా.

తక్కిన ప్రాంతములవారికి లేని జాగ్రత్తలు మనకు కొన్ని కలవు. 1871లో ఇల్లెందు ప్రాంతమున డాక్టరు విలియం కింగు బొగ్గు కనుగొన్ననాటినుండి, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరు వచ్చిననాటినుండి ఈ నేల క్రింద ఎంతో త్రవ్వకము జరిగినది. మూసివేసిన బాయిల మీది నేల కొన్నిచోట్ల కుంగి నెర్రెలిచ్చును. అట్టి చోట పచ్చగడ్డి ఎంత బాగున్నను అడుగు పెట్టరాదు. ఓపెన్‌కాస్టుల మట్టిగుట్టలు దూరమునకు సహజమైన కొండలవలె కనుపించును. అవి వదులు మట్టి, వానకు జారును. పైనుండి దృశ్యము బాగుండునని పడుచువారు పోబోయిన ఆపవలెను. ప్రేలుడు వేళలు కనుగొని, సైరను వినబడు దారిలో ఆ వేళ నడక లేకుండ చూచుకొనవలెను. ఇవన్నియు మన విశ్రాంత సోదరులకు కంఠస్థములు. ఏ సీము ఎక్కడ త్రవ్విరో, ఏ పొలము క్రింద ఏ దారి పోయినదో వారు చెప్పుచుండ వినవలెను. దారి పరీక్షించు సంఘములో వారి సంఖ్య సగమునకు తక్కువ కారాదని నా ప్రతిపాదన. పైకి ఎక్కలేనివారే క్రింది నేల యెరిగినవారు.

ఇప్పుడు మా తాతగారి బీరువాలోని మాట. గ్రామపు నక్షలో కొన్ని బాటలు గుర్తించి యుండును. వీనినే మనము నక్షబాటలందుము. ఎవరి పట్టాలోను చేరవు, అందరివి. వానిలో కొన్ని ఓపెన్‌కాస్టులో కలిసినవి. కొన్నిటిని ప్రక్క పొలమువారు సాలుకు సాలు కలుపుకొనిరి. నడచువారు లేని బాట తనకు తానే చేనగును. సిముకుని నాణెములు దొరకిన కోటిలింగాల దిబ్బ దాకను ఎల్లంపల్లి జలాశయపు నీరు వచ్చి తాకినది. మన కన్నుల యెదుట పోవుచున్నది ఇంత గలదు.

ఆస్ట్రేలియా దేశమున అడవినడక సంఘములు చాలకాలమునుండి గలవు. 1927లో సిడ్నీ నగరమున ఏర్పడిన సంఘము అందులో ప్రసిద్ధము. ఏ వారము ఎవరి నాయకత్వమున ఎక్కడికి పోవుదురో ముందే అచ్చువేసి పంచుట వారి యాచారము. 1931లో కొందరు నడకరులు బ్లూగమ్ అను చెట్ల కోనకు పోగా, కౌలుదారు ఆ చెట్లను కొట్టివేయనున్నట్లు తెలిసినది. వారు 130 పౌండ్లు కూర్చి అతని కౌలును విడిపించిరి. చెట్లు నిలిచినవి. చందాలు కూర్చుటకు ముందు వారు అక్కడికి నడచి పోయిరి. చూడనిదే విడిపింపవలెనని తోచి యుండదు. మన యాత్రలలో ప్రతి పర్యాయము ఒక నక్షబాటను కలుపుకొని పోయి, అది ఎట్లున్నదో రిజిష్టరులో వ్రాయుదము. పన్నెండు నెలలకు మన చేత ఒక పట్టీ తయారగును. దానిని గ్రామసభలో చదువుదము.

ఖర్చు విషయము క్లుప్తముగ చెప్పెదను. బస్సు చార్జీలు ఎవరివి వారివి. ఇచ్చుకొనలేనివారివి గ్రంథాలయపువి, ఆ పేర్లు నేను తప్ప మరెవరును చూడని చిట్టాలో నుండును. బియ్యము, పప్పు చందాలుగ వచ్చును. కుండల నీరు మొదటి మజిలీకి ఎడ్లబండి మీద పోవలెను. ఇద్దరు రైతు సోదరులు ఒప్పుకొని యున్నారు. మందుల పెట్టె, మడత మంచము ఒకటి, గొడుగులు నాలుగు కొనవలసి యున్నది.

మొదటి నడక చెరువుకట్టకు. వచ్చు ఆదివారము తెల్లవారి ఆరు గంటలకు గ్రంథాలయపు వాకిట కలిసికొందము. మర్రి వరకా, తూము వరకా, మత్తడి వరకా యని ఎవరికి వారు రిజిష్టరులో వ్రాయవలెను. అది రేపటినుండి వార్తాపత్రికల బల్లమీద నుండును. వ్రాయరానివారు వేలిముద్ర వేయనక్కరలేదు, నోటితో చెప్పిన నేను వ్రాసికొందును. నెంబరు బిళ్లలు వడ్రంగి సోదరుడు శనివారమునకు ఇత్తునన్నాడు.